కడిగి ఇద్దామనుకున్న కిడ్నీ

నన్ను కన్న మా అవ్వ సత్యవ్వను కిడ్నీ ఇమ్మని అడిగే ధైర్యం నాకు ఎక్కడిది? అడగకముందే ఆమె సిరిసిల్లలో మరమగ్గాలకు నూలు కండెలు చుట్టే పని ఆపి, బస్సెక్కి కోరుట్లకు వచ్చేసింది. మా గడప దగ్గర చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"పద్మజా, నా దాంట్ల ఒకటి తీస్కో. నాకు రెండెందుకు?"

చీర ఇస్తున్నంత తేలిగ్గా అనేసింది. నా రెండు కిడ్నీలూ చేతులెత్తేసి అప్పటికి ఏడాది దాటింది. రోజు విడిచి రోజు జగిత్యాల వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నాను. మా ఆయన హరిప్రసాద్ బయట బెంచీ మీద కూర్చుని కునికిపాట్లు పడుతుంటాడు. అవ్వ మాట విని ఆయన ఏడ్చాడు. నేను మాత్రం వద్దని పోట్లాడాను. ఆమెతో పోట్లాడి గెలిచినవాళ్లు మా వాడలో లేరు.

రక్తం గ్రూపు కలిసింది. తొలి పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. తీరా ఆపరేషన్ దగ్గర పడ్డాక హైదరాబాద్‌లో డాక్టరమ్మ కొత్త రిపోర్టు చూసి మొహం చిట్లించింది.

"అమ్మగారి మూత్రంలో ప్రోటీన్ పోతోంది. మొదటిసారి చూసినప్పుడు లేదు. ఇలా ఉంటే కిడ్నీ తీసుకోలేం. ఈమధ్య మందులేమైనా వాడారా?"

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అవ్వ మాత్రం తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తోంది. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"అవ్వా, ఏం తిన్నవ్?"

"ఏం తినలే."

"ఏం తాగినవ్ మరి?"

"చందుర్తి దిక్కు ఒకాయన పసరు పోస్తడు. పరగడుపున తాగితె కిడ్నీలు అద్దమోలె అయితయన్నడు."

"ఎందుకు తాగినవే?"

"ఎందుకేంది? బిడ్డకిచ్చేది కడిగియ్యద్దా? ఇన్నేండ్ల సంది నా కడుపుల ఉన్నది. మురికిది ఎట్లియ్యాలె?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండింటికంటే ముందు ఒళ్లు మండింది. "నీకు బుద్ధున్నదా? రేపు నువ్వు సుత నా పక్క బెడ్డు మీద పండుతవా?" అని ఆసుపత్రి అని కూడా చూడకుండా అరిచాను. హరిప్రసాద్ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆ కోపమంతా భయమే. నాకు కిడ్నీ దొరకకపోవడం ఒకటి, నా కోసం ఆమె కిడ్నీలు పోవడం ఇంకొకటి.

డాక్టరమ్మ మరికొన్ని పరీక్షలు రాసింది. అవి వచ్చాక మమ్మల్ని పిలిచి నెమ్మదిగా చెప్పింది.

"కిడ్నీలో వడపోత బాగానే ఉంది. పెద్ద ప్రోటీన్లు రక్తంలోనే ఆగుతున్నాయి. చిన్నవి మాత్రం మనందరికీ రోజూ ఆ వడపోతలోంచి జారిపోతూనే ఉంటాయి. ఆ కింద సన్నటి గొట్టాలుంటాయి. వాటి గోడల్లోని కణాలు జారినవాటిని పట్టుకుని, లోపలికి లాక్కుని, విడగొట్టి, ఆ సారాన్ని మళ్లీ రక్తంలోకి పంపుతాయి. మీ అమ్మగారికి ఆ కణాలే దెబ్బతిన్నాయి. పసరు మీదే నా అనుమానం."

అవ్వ కుర్చీలో ముందుకు జరిగింది. "అంటే జల్లెడ మంచిగనే ఉన్నది. కింద వడ్డ నూకలు ఏరెటోళ్లు మంచాన వడ్డరు. గంతేనా?"

"అంతేనమ్మా."

"వాళ్లను పండవెట్టింది నేనే అన్నట్టు," అని తల దించుకుంది. మా అవ్వ తల దించుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నా కోపం అక్కడికక్కడే దిగిపోయింది.

"మళ్లీ కోలుకుంటాయా మేడం?" అని అడిగాను.

"చాలామందికి కోలుకుంటాయి. పోయిన కణాల చోట కొత్తవి పుడతాయి. పసరు మానాలి, నొప్పి మాత్రలు ముట్టుకోవద్దు, ఓపిక పట్టాలి. మాట మాత్రం ఇవ్వలేను."

అవ్వను సిరిసిల్లకు పంపితే ఒట్టు. కోరుట్లలోనే కట్టేసుకున్నాను. పక్కింటి కనకవ్వ మా అవ్వ మోకాళ్ల నొప్పులకని కషాయం తెస్తే హరిప్రసాద్ గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు. "చాయ్ తాగాలన్నా డాక్టరమ్మను అడగాల్నా?" అని అవ్వ సణిగేది. సణుగుతూనే చెప్పినట్టు విన్నది. తర్వాతి పరీక్షలో ప్రోటీన్ తగ్గింది. ఆ పై పరీక్షలో ఇంకా తగ్గింది. చివరికి, చలి పోయి మామిడి పూత రాలే రోజుల్లో, అసలేమీ పోవడం లేదని రిపోర్టు వచ్చింది. ఆసుపత్రి వరండాలో అందరూ చూస్తుండగానే అవ్వను వాటేసుకున్నాను.

డాక్టరమ్మ అన్ని రకాలుగా చూసుకుని, ఇక ఇవ్వొచ్చు అంది. "రెండూ బాగున్నాయి. కుడిది ఎడమదాని కంటే కాస్త తక్కువ పనిచేస్తోంది. అందుకని కుడిదే తీస్తాం. మెరుగైనది ఇచ్చినవాళ్లకే వదలాలి. అది మా నియమం."

అవ్వ దిగ్గున లేచింది. "గదేం నియమం? మంచిది నా బిడ్డకు వెట్టుండ్రి. తక్కువది నాకు సాలు."

"కుదరదమ్మా."

"అయితె నేనియ్య."

చిన్నప్పుడు మా ఇంట్లో కూరలో మెత్తటి ముక్క ఎప్పుడూ నా కంచంలోనే పడింది. ఆమె కంచంలో ఏముందో నేను ఒక్కనాడూ చూడలేదు.

"అవ్వా, మంచిది నీ దగ్గరుంటెనే నేను తీస్కుంట. లేకుంటె నాకొద్దు. బతికినన్ని దినాలు జగిత్యాలకే పోత."

"మొండి ముండా," అని తిట్టింది. నేను కదల్లేదు. చివరికి అవ్వే డాక్టరమ్మ వైపు తిరిగింది.

"గా కుడిది నా బిడ్డకు సరిపోతదా? నిజం చెప్పుండ్రి."

"హాయిగా సరిపోతుందమ్మా."

"అయితె గట్లనే కానియ్యుండ్రి."

మా అవ్వ జీవితంలో మొదటిసారి మంచిది తన కోసం ఉంచుకుంది. అందుకు ఆమె ఏడ్చినంత ఏడుపు, కిడ్నీలు పోయాయని తెలిసిన రోజు నేను కూడా ఏడవలేదు.