తన వంతు కోసం నిలబడ్డవాడు

క్రైస్తవ గురువులు కాబోయేవాళ్ళు చదివే గురుమఠంలో చివరి ఏడాది విద్యార్థులకు పాపసంకీర్తనం వినడం నేర్పేది ముసలి ఫాదరే. మధ్యాహ్నం పాఠాలయ్యాక, పక్క చాపెల్లో ఉన్న పాత చెక్కగదిలో విద్యార్థిని గురువు స్థానంలో కూర్చోబెట్టి, తాను జాలీకి ఇవతల, పాపం ఒప్పుకోవడానికి వచ్చినవాడిలా మోకరించేవాడు. ఒకరోజు దొంగ, ఒకరోజు తాగుబోతు, ఇంకోరోజు అత్తగారి మందులు దాచేసిన కోడలు. ఆయన కోడలి గొంతు పెట్టినప్పుడు బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాపుకునేవాళ్ళు.

ఆరోజు చివరి వంతు మేస్త్రి అనే విద్యార్థిది. తండ్రి తాపీపని చేసేవాడు. గురుమఠంలో ఎక్కడ గోడ పెచ్చులూడినా ఇతనే పూసిపెడతాడు కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది. మిగతావాళ్ళంతా అప్పటికే ఆటలకు వెళ్ళిపోయారు.

"ఆశీర్వదించండి ఫాదర్, నేను పాపం చేశాను," అన్నాడు ముసలి ఫాదర్. ఈసారి ఏ గొంతూ పెట్టలేదు. "నేను గురువుని. ముప్ఫై ఏళ్ళ కిందట ఇలాంటి చోటే విద్యార్థుల బాగోగులు చూసేవాణ్ణి. ఒక కుర్రాడు నా గుమ్మంలోకి వచ్చి, 'ఫాదర్, భయంగా ఉంది, కాసేపు కూర్చోనా' అన్నాడు. పనుంది, రేపు రమ్మన్నాను. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఒక్కసారి కూడా లోపలికి రానివ్వలేదు. ఏడాది చివర ప్రతివాడి గురించీ నివేదిక రాయాలి కదా. 'మనోస్థైర్యం లేదు, గురుత్వానికి పనికిరాడు' అని రాశాను. ఇంటికి పంపేశారు. వారం తిరక్కుండానే ఏట్లో తేలాడు."

ఇలాంటప్పుడు ఏం అడగాలో మేస్త్రి పుస్తకంలో చదివాడు. అందులో ఒక్కటీ నోటికి రాలేదు.

"తర్వాత?" అన్నాడు.

"అప్పట్నుంచి నా ఎదుట ఎవరొచ్చి కూర్చున్నా, వాళ్ళ వెనక ఒకడు నిలబడి ఉంటాడు. కనిపించడు. తన వంతు కోసం చూస్తున్నట్టు తెలుస్తుంది, అంతే. ఇప్పుడూ ఉన్నాడు, నీ తలుపు దగ్గర."

తలుపు గడియ మీదికి వెళ్ళిన మేస్త్రి చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది.

"ఫాదర్, ఇది అభ్యాసమేనా?"

మేస్త్రి జాలీకి దగ్గరగా జరిగాడు.

"క్షమించే అధికారం నాకింకా రాలేదు ఫాదర్."

"తెలుసురా. అధికారం ఉన్నవాళ్ళ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. అందరూ క్షమించేశారు."

"వాళ్ళింట్లోవాళ్ళకి చెప్పారా?"

"తల్లి ఉంది. బట్టలు కుడుతుంది. చెప్పలేదు."

"అయితే ముందు ఆమెకి చెప్పండి. కావాలంటే నేనూ తోడొస్తాను."

అనేశాక నాలిక్కరుచుకున్నాడు. తాత వయసున్న మనిషికి తను చెప్పడమేమిటి? కానీ ఆ శనివారం ముసలి ఫాదర్ ఉతికిన అంగీ వేసుకుని, గేటు దగ్గర అతని కోసం ఎదురుచూస్తూ కనిపించాడు.

రెండు బస్సులు మారి వెళ్ళారు. ఇరుకు సందులో కుట్టుదుకాణం, నేలంతా బడిపిల్లల చొక్కాల ముక్కలు. ఆమె స్టూలు చూపించినా ఫాదర్ కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. కుట్టుమిషను ఎప్పుడు ఆగిందో మేస్త్రి గమనించనేలేదు.

"ఏం తప్పు చేశాడని మావాణ్ణి పంపేశారో మాకెవరూ చెప్పలేదు ఫాదర్ గారూ," అంది ఆమె. "దొంగతనమని కొందరన్నారు. ఆడపిల్ల గొడవని కొందరన్నారు. ఎంతమంది నోళ్ళు మూయించను? చివరికి నేనూ అనుకున్నాను, ఏదో ఒకటి చేసే ఉంటాడని. కన్నదాన్ని, నేనే అనుకున్నాను." ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మీరు రాసిన మాటలు మళ్ళీ చెప్పండి. ఉన్నవి ఉన్నట్టు."

ఆయన చెప్పాడు. ఆమె ఇంకోసారి చెప్పించుకుంది. రెండోసారి ఆయనతోపాటు ఆమె పెదవులూ కదిలాయి.

"ఇప్పటికీ మీ దగ్గరికి వస్తాడా?"

"వస్తాడమ్మా."

"మా ఇంటికి ఒక్కసారి కూడా రాలేదు," అంది ఆమె.

ముసలి ఫాదర్ గోడకి చెయ్యి ఆన్చాడు. మేస్త్రి వెళ్ళి భుజం పట్టుకున్నాడు.

"క్షమించానని నాచేత అనిపించుకోవద్దు. అది నావల్ల కాదు. కానీ ఈసారి వాడొస్తే కూర్చోమనండి." అని మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, ఆగిన కుట్టు ఎక్కడుందో వెతుక్కోసాగింది.

మర్నాడే ఆయన గురుమఠం పెద్ద అయిన రెక్టర్ దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాడు. ఇక ఏ విద్యార్థి మీదా తనచేత నివేదిక రాయించొద్దని కోరాడు. మేస్త్రి నివేదిక ఆ ఏడాది వేరే ఫాదర్ రాశాడు. గురుపట్టానికి తగినవాడేనని రాశాడట.

గురుపట్టాభిషేకానికి ఇంకా నెల ఉందనగా ఒక మధ్యాహ్నం, అందరూ మౌనంగా ఎవరి గదుల్లో వాళ్ళు ఉండే వేళ, మేస్త్రి వరండాలో గోడ పగులు పూయడానికి తట్టలో సిమెంటు కలుపుకుని వెళ్తున్నాడు. ముసలి ఫాదర్ గది తలుపులు బార్లా తీసి ఉన్నాయి.

"రా నాయనా, కూర్చో," అన్న మాట వినిపించింది. "ఇవాళ నాకే పనీ లేదు."

తననే అనుకుని మేస్త్రి ఒక కాలు గడప లోపల పెట్టాడు. అప్పుడు చూశాడు, ఆయన కళ్ళు తన మీద లేవు. తన భుజం పక్కగా, గుమ్మంలో మిగిలిన జాగా మీద ఉన్నాయి.

మేస్త్రి కాలు వెనక్కి తీసుకుని, మరొకరికి దారిచ్చినట్టు పక్కకి ఒదిగాడు. ఎందుకలా ఒదిగాడో అతనికే తెలియదు. లోపల కుర్చీ కిర్రుమంది. అటు చూడలేదు. తట్ట అక్కడే దింపి, చాపెల్ దాకా చప్పుడు కాకుండా నడిచి వెళ్ళాడు. కలిపిన సిమెంటు సాయంత్రానికల్లా తట్టలోనే గట్టిపడిపోయింది.