ఆగుతదన్న మాట

ఉలి దెబ్బకు పాత డంగుసున్నం పొడిపొడిగా రాలి నరహరి కనురెప్పల మీద పడింది. కండువాతో తుడుచుకొని మళ్లీ చౌకట్టు మూలకు ఉలి ఆనించాడు. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టిన పని. మధ్యాహ్నం ఒంటిగంట దాటినా పెద్ద దర్వాజకు ఒక్క మూలే వదులైంది. ఇనుప మేకు ఒక్కటీ లేకుండా కొయ్యలో కొయ్య దూర్చి బిగించిన చౌకట్టు అది. ఆత్రపడి కొడితే నూరేళ్ల టేకు నిలువునా చీలుతుంది. చీలినదాన్ని ఎవరూ కొనరు.

సిద్దిపేట పాత బజారులోని ఆ షావుకారి ఇంటిని వారసులు ఐదుగురూ కలిసి అమ్మేశారు. ఆ జాగాలో కాంప్లెక్సు లేస్తుందట. కూలగొట్టే లోపల చెక్కడపు తలుపులు, కంబాలు, కిటికీలు ఊడదీసుకోవడానికి కర్ణాకర్ అనే కంట్రాక్టరు గుత్తకు మాట్లాడుకున్నాడు. పట్నం శివార్లలోని రిసార్టులకూ ఫామ్‌హౌసులకూ అలాంటివి అమ్మడమే అతని వ్యాపారం. అతుకులు చెడకుండా విప్పగల వడ్రంగి అతనికి నరహరి ఒక్కడే దొరికాడు. ఫ్యాక్టరీ తలుపులు వచ్చాక నరహరి దుకాణం మూతపడి ఆరేళ్లయింది. తలుపులు చెయ్యడానికి తండ్రి నేర్పిన విద్యతో ఇప్పుడు తలుపులు ఊడదీస్తున్నాడు. రోజుకు తొమ్మిది వందలు.

"అన్నా, ఇగ దిగరాదూ? జర తిన్నంక కొట్టుకో" అంది కింద నుంచి ఎల్లవ్వ.

మిద్దె మీది మట్టిని తట్టలకెత్తి బయట పోసే కూలి ఆమె. నలభై ఐదేళ్లుంటాయి. మొగుడు పోయినప్పటి నుంచి రోజూ ఊరి నుంచి బస్సెక్కి వచ్చి ఈ పాత ఇళ్ల పనే చేస్తోంది. కూలి ఐదు వందలు. నరహరితో కలిసి చేయడం ఇది నాలుగో ఇల్లు.

సద్దిగిన్నె పట్టుకొని ఆమె నేరుగా వెళ్లి ఇత్తడి పువ్వులు తాపిన పెద్ద దర్వాజ కడప మీద కూర్చుంది. కూర్చొని తనలో తను నవ్వుకుంది.

"ఏంది, నవ్వుతున్నవ్?" అన్నాడు నరహరి, దిగివచ్చి తన సద్ది విప్పుతూ.

"ఏం లేదన్నా. మా అవ్వ ఈ ఇంటికి వడ్లు దంచనీకె వచ్చేది. ఎనుక దర్వాజల నుంచే రావాలె, అండ్ల నుంచే పోవాలె. ముంగటి దర్వాజ లోపటికెళ్లి ఎట్లుంటదో సూడకుంటనే సచ్చిపోయింది. ఇప్పుడు దాని బిడ్డ కడప మీద కూసోని బువ్వ తింటుంది." గిన్నె అతని వైపు జరిపింది. "పచ్చిపులుసు ఏసుకుంటవా?"

"వద్దు తియ్యి. కడుపు నిండింది."

నిండలేదు. నాలుగిళ్లుగా ఆమె అడుగుతూనే ఉంది, అతను ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటూనే ఉన్నాడు. ఎందుకో ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె అడగడం మానలేదు.

రెండింటికి కర్ణాకర్ కారు దిగాడు. లోపలికి వస్తూనే హాలు మధ్యలో దూలాన్ని మోస్తున్న నాలుగు కంబాలను చూపించాడు.

"నాలుగింటికి లారీ వస్తుంది. ఇవి ఇయ్యాల్నే ఎక్కాలె."

"మీద మట్టి సగం గూడ తియ్యలే సేటూ" అన్నాడు నరహరి. "బరువంత ఈటి మీదనే ఉన్నది. రెండొద్దులు ఆగితె మట్టి దించి, దూలం కింద ఆసరాకు సెంట్రింగ్ బొంగులు పెట్టి నిమ్మలంగ ఇప్పుతం."

"రెండొద్దులా? రేపొద్దుగాల జేసీబీ వస్తుంటె! ముచ్చట్లు వద్దు నరహరీ. నీతోని అయితదా, ఇంకొకల్ని పిలుచుకోవాల్నా?" కర్ణాకర్ జేబులోంచి ఫోన్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

నరహరి తల ఎత్తి దూలాన్ని చూశాడు. కలప గట్టిదే. కానీ దాని చివర దిగిన గోడలో పైనుంచి కిందికి తడి మచ్చ జారి ఉంది. ఎన్నో వానాకాలాల నుంచి నానుతున్న మట్టి గోడ. ఆ మచ్చను చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు.

"బొంగులన్న తెప్పియ్యి."

ఆరు కావాల్సిన చోటికి పక్క సందు నుంచి రెండు వచ్చాయి.

"ఆగుతదా అన్నా?" అని అడిగింది ఎల్లవ్వ. కర్ణాకర్‌ను కాదు, నరహరిని అడిగింది.

"ఆగుతది."

ఆ ఒక్క మాటతో ఆమె కొంగు నడుముకు దోపుకొని కంబం దగ్గరికి వచ్చింది.

మొదటి కంబం నిమ్మళంగానే ఊడింది. దాన్ని ఇద్దరూ మోసుకెళ్లి వాకిట్లో పడుకోబెట్టారు. రెండోదానికి నరహరి నిచ్చెన ఎక్కాడు. "గట్టిగ పట్టుకో, వదిలితే పగులుతది" అని కిందికి చెప్పాడు. ఉలి మీద మూడు దెబ్బలు వేశాడో లేదో, దూలం కిర్రుమంది. గోడలోని చివర జారడం అతనికి కనిపించింది. నిచ్చెన మీంచి దూకి వాకిట్లోకి ఉరికాడు. ఎల్లవ్వ మాత్రం కంబాన్ని రెండు చేతులా పట్టుకొనే ఉంది.

మిద్దె సగం దిగబడింది. దుమ్ములో ఏమీ కనిపించలేదు. కర్ణాకర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని పరుగెత్తుకొచ్చాడు.

"కంబం పగిలిందా?" అన్నాడు. ఆ తరువాతే, "ఆమేది?" అన్నాడు.

నరహరి చేతులతోనే మట్టి తోడాడు. పార వాడితే ఎక్కడ తగులుతుందోనని భయం. గోళ్లు లేచిపోయాయి. ముందు భుజం దొరికింది, తరువాత ముఖం. ఊపిరి ఉంది.

ఆటోలో ఆమె తల అతని ఒడిలో ఉంది. "నీళ్లు" అంది. నరహరి తన సీసా మూత తీసి ఆమె పెదాలకు ఆనించాడు. ఒక్క గుక్క లోపలికి పోయింది. మిగతావి మట్టితో కలిసి అతని పంచె మీదికి కారాయి.

"బిడ్డకు ఫోన్ జెయ్యకన్నా" అంది. "డ్యూటీల ఉంటది. ఆగమైతది."

దవాఖాన గేటు దగ్గర ఆటో ఆగేసరికి ఆమెలో ఊపిరి లేదు.

ఎల్లవ్వ బిడ్డ ఎస్తేరు సిద్దిపేటలోనే ఒక బట్టల దుకాణంలో పని చేస్తుంది. ఇరవై ఏళ్ల పిల్ల. దుకాణం వాళ్ల గుర్తింపు కార్డు మెడలో వేలాడుతుండగానే వచ్చింది. లోపలికి వెళ్లి చూసి, బయటకు వచ్చి గోడకు ఆనుకొని కూర్చుంది. ఏడవలేదు. చేతికి అంటిన మట్టిని వేలితో రాల్చుకుంటూ ఉంది. నరహరి ఆమెకు పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. 

సాయంత్రం కర్ణాకర్ వచ్చి అతన్ని దవాఖాన ఆవరణలోని చెట్ల వైపు తీసుకుపోయాడు. చేతిలో రాసిన కాగితం ఉంది.

"కానిస్టేబుల్ వచ్చి అడుగుతడు. ఆమెను మనం పనికి పిలువలే. కట్టెలు ఏరుకోనీకె లోపటికొచ్చింది, మీద పడ్డది. గంతే. సాక్షి సంతకం నువ్వు పెట్టాలె."

నరహరి కాగితం అందుకోలేదు.

"నీ మంచికే చెప్తున్న. ఆగుతది అన్నది ఎవలు? నేనా? కేసైతె ముందుగాల నీ మెడకే సుట్టుకుంటది. చేర్యాల దిక్కు ఇంకా మూడిండ్లు మాట్లాడిన. పనంత నీకే."

తన మీద అన్న మాట అబద్ధం కాదని నరహరికి తెలుసు. ఆగుతది అన్నది తనే. తడి మచ్చను చూసింది కూడా తనే. కాగితం చేతిలోకి తీసుకున్నాడు. అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. మళ్లీ గోడ దగ్గరికి వచ్చేసరికి ఎస్తేరు తల ఎత్తింది.

"మామా, మా అవ్వ ఇయ్యాల పనికి పోలేదట గద? కట్టెలకు పోయిందట. గా సేటు మనిషి చెప్పిండు." "పొద్దుగాల నాకు సద్ది కట్టిచ్చి బస్సెక్కింది. కట్టెల కోసం గింత దూరం ఎందుకొస్తది మామా?"

అప్పటికే కానిస్టేబుల్ అట్ట మీద తెల్లకాగితం పెట్టుకొని వచ్చాడు. "ఎవలు సూసిన్రు?" అని అడిగాడు.

"నరహరీ" అన్నాడు వెనక నుంచి కర్ణాకర్, మెల్లగా.

నరహరి చేతిలోని కాగితాన్ని కర్ణాకర్ ఛాతీకి ఆనించి వదిలేశాడు. అది కింద పడింది.

"నేను పెట్ట సేటూ సంతకం." కానిస్టేబుల్ వైపు తిరిగాడు. "నేను సూసిన సారూ. ఆమె కట్టెలకు రాలే, పనికొచ్చింది. ఈయనే పిలిచిండు. మట్టి తియ్యకుంట కంబాలు ఇప్పుమన్నది ఈయనే. గోడ నానిందని నాకెర్కనే. ఎర్కనే ఉండి, ఆగుతదా అని ఆమె అడిగితే ఆగుతది అని నేనే చెప్పిన. నా మాట పట్టుకొనే లోపటికొచ్చింది. మొత్తం రాయుండ్రి."

కానిస్టేబుల్ కలం కాగితం మీద ఒక్క క్షణం ఆగింది. తరువాత కదిలింది.

ఎస్తేరు గోడ పట్టుకొని లేచింది. నరహరి ముఖంలోకి చాలాసేపు చూసింది. ఏదో అంటుందని అతను ఎదురుచూశాడు. తిట్టినా బాగుండు అనుకున్నాడు. ఆమె వెనక్కి తిరిగి తల్లిని పడుకోబెట్టిన గది దాకా నడిచి, మూసిన తలుపుకు నుదురు ఆనించి నిలబడింది.

"ఊఁ, చెప్పు. నిచ్చెన ఎవలు ఎక్కిన్రు?" అన్నాడు కానిస్టేబుల్.

ఆ పిల్ల వీపు వైపే చూస్తూ నరహరి చెప్పసాగాడు.