మందు కర్ర బూడిద

నేను ఒక కరెంటు స్తంభాన్ని. సిమెంటువి రాకముందు విజయనగరం పక్క పల్లెల్లో ముప్పై ఏళ్ళు తీగలు మోసిన చెక్క స్తంభాన్ని. అడవి నుంచి తెచ్చిన కొత్తలో నన్నొక ఇనప గొట్టంలో పడుకోబెట్టి, చెద ముట్టకూడదని ఒళ్ళంతా మందు ఎక్కించారు. ఆ మందులో పాషాణం ఉంది. చెద ముట్టలేదు. మనుషులే ముట్టుకున్నారు.

నన్ను పీకేశాక వేలంలో కలప వ్యాపారి భీమేశ్వర్రావు కొన్నాడు. "ఇది మందు కర్ర, గుంజకి పనికొస్తాది గానీ పొయ్యిలో పెట్టకూడదు," అని లైన్‌మన్ చెప్తే తలూపాడు. సన్యాసమ్మకి అమ్మేటప్పుడు మాత్రం "ఉక్కు లాంటి కర్ర" అని ఊరుకున్నాడు.

సన్యాసమ్మకి భర్త లేడు. ఇంటి వెనక నాలుగు మళ్ళ తోటకూర, రెండు మేకలు, అదే ఆమె బతుకు. మేకల పాకకి నేను గుంజనై ఎనిమిదేళ్ళు నిలబడ్డాను. మొన్నటి తుపానుకి పాక కూలింది. నన్ను చీల్చి, నాలుగు రోజులు వడ్లు ఉడకబెట్టుకుంది. బూడిదంతా ఎప్పటిలాగే తోటకూర మళ్ళలో చల్లింది. మిగిలింది గట్టు మీద కుప్ప పోసింది. ఉప్పగా ఉందని మేకలు ఆ కుప్పని నాకాయి.

మర్నాటికి రెండూ కాళ్ళు బారజాపి పడిపోయాయి. పశువుల డాక్టరు హైమావతి వచ్చేసరికి ఒకటి పోయింది. రెండోది ఆమె చేతుల్లోనే పోయింది.

"ఏం కాల్చావమ్మా?" అంది డాక్టరు, కుప్ప దగ్గర వంగి.

"పాకలో పాత గుంజండి."

"రంగు ఆకుపచ్చగా ఉండేదా?"

"ఉండేదండి. మంట కూడా ఆకుపచ్చగా వొచ్చింది. ఏటైనాదండి?"

"కర్ర కాలిపోతుంది గానీ అందులో మందు కాలదమ్మా. బూడిదలో ఇంకా చిక్కగా మిగులుతుంది. ఆ కూర ఎవరికీ అమ్మకు."

"ఇన్నేళ్ళూ బూడిద ఏసే కదండీ పండించినాను!"

"అది మామిడి కొమ్మల బూడిద. ఇది వేరు."

పరీక్షకి పంపిన బూడిదలో పాషాణమే తేలింది. సన్యాసమ్మ ఆ కాగితం కోసం ఆగలేదు. డాక్టరు వెళ్ళిన రోజే కూరంతా పీకేసింది. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, కుప్పనీ మళ్ళ పైమట్టినీ తడిపి సంచులకెత్తింది. ఆ వారం తన దగ్గర కూర కొన్న ప్రతి గడపా ఎక్కి, "తినకండమ్మా, పారేయండి," అని తనే చెప్పుకుంది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. చెప్పినందుకు మళ్ళీ ఆమె దగ్గర ఎవరూ కట్ట కూర కొనలేదు.

భీమేశ్వర్రావుని అడిగితే, "కాల్చమని నేను చెప్పానా?" అన్నాడు. అతని వ్యాపారం చక్కగా సాగుతోంది.

నన్ను నింపిన సంచులు పంచాయతీ ఆఫీసు వెనక పడ్డాయి. ఎక్కడ పూడ్చాలో పైనుంచి ఉత్తర్వు రావాలన్నారు. సంచుల మీద అంటించిన హెచ్చరిక కాగితం రెండు వానలకి కరిగిపోయింది.

నిన్న పొద్దున్న రిటైరైన జగ్గారావు మాస్టారు ఒక సంచి భుజానికెత్తుకున్నారు. సన్యాసమ్మ వీధి చివర నుంచి చూసి పరుగెత్తుకొచ్చింది.

"మాస్టారూ, అది ఇసమండీ! దించీయండి!"

"కరివేపాకుకి బూడిద బలమే. నీ తోట పోయిందని నా చెట్టు కూడా పోవాలా?"

ఆమె సంచి మూతి పట్టుకుని వదల్లేదు. ఆయనా వదల్లేదు. సంచి చిరిగి వీధంతా పరుచుకున్నాను. మాస్టారు పంచె దులుపుకుని, "మతి పోయింది దీనికి," అంటూ వెళ్ళిపోయారు. వాకిళ్ళలో నిలబడ్డవాళ్ళు తలుపులేసుకున్నారు.

సన్యాసమ్మ బిందెతో నీళ్ళు తెచ్చి నా మీద చిలకరించింది. కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుని, కూర అమ్మిన ఆ గడపల ముందే చతికిలబడి, రేకుముక్కతో నన్ను గీకి ఎత్తసాగింది.