సరిచూసినవారు

సర్వేకి ఇళ్ళ జాబితా కంప్యూటరే తీసింది. అందులో మా అక్క ఇల్లుందని రెండు రోజుల ముందే చూశాను. తెలిసినవాళ్ళ ఇల్లు వస్తే తప్పుకోవాలన్నది మొదటి నియమం. కొత్తగా చేరినవాళ్ళకు దాన్ని నేర్పేది నేనే. అయినా తప్పుకోలేదు. నాలుగేళ్ళ తర్వాత ఆ గుమ్మం ఎక్కడానికి నాకు దొరికిన సాకు అదొక్కటే.

"ప్రశ్న ఉన్నదున్నట్టు చదువు. ఐదు లెక్కపెట్టేదాకా ఆగు. జవాబు అందించకు" అని మెట్లెక్కుతూ కొత్తమ్మాయికి చెప్పాను.

తలుపు తీసిన అక్క నన్ను చూసింది. నా మెడలోని కార్డుని, పక్కనున్న అమ్మాయినీ చూసింది. మొహంలో ఏదో వెలిగి, అంతలోనే ఆరిపోయింది.

"రండి మేడం. ఉన్నది ఒక్కటే కుర్చీ, మీరు కూర్చోండి."

నాలుగేళ్ళ కిందట మా కొత్తింటికి భోజనానికి వచ్చింది. ఈవిడెవరని మా డైరెక్టరు అడిగితే, "మా బట్టలు కుట్టే ఆవిడ" అన్నాను. అక్క విన్నది. గిన్నెలన్నీ తోమిపెట్టి, చెప్పకుండా వెళ్ళిపోయింది.

ఒకటే గది. కిటికీ కింద చొక్కాల కట్టలు, డబ్బాలో బొత్తాలు.

"ఎంతవరకు చదివారండీ?" అని కొత్తమ్మాయి మొదలుపెట్టింది.

"ఎనిమిది."

"ఎందుకు మానేశారు?"

"ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టడానికి మనిషి కావాలన్నారు."

అది కాదు. ఒక్కరి ఫీజే కట్టగలనని అమ్మ అన్న సాయంత్రం అక్క తన పెన్నులూ పుస్తకాలూ తీసి నా సంచీలో పెట్టింది.

"ఎన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నారు?"

"ముప్పై ఏళ్ళుగా ఇదే. బొత్తాలే మారాయి" అని అక్క నవ్వింది. కొత్తమ్మాయీ నవ్వింది.

"మీకు తోబుట్టువులు ఎంతమంది? వాళ్ళు ఏ ఉద్యోగాల్లో ఉన్నారు?"

లోపల లెక్కపెట్టాను. ఒకటి, రెండు. అక్క నిజం చెబితే ఈ ఫారం చెల్లదు, నేను సంజాయిషీ రాసుకోవాలి. అయినా చెప్పవే అక్కా, నీ చెల్లెల్ని చూపించు అనుకున్నాను. నాలుగు, ఐదు.

"ఎవరూ లేరమ్మా. నేనొక్కదాన్నే."

ఆ అమ్మాయి సున్నా వేసింది.

అక్క నా చేతివైపు చూస్తూ లేచింది. "మీ చేతి బొత్తాం వేలాడుతోంది మేడం. ఇలా ఇవ్వండి."

సూదిలో దారం ఎక్కించి, నా కుర్చీ పక్కన కూర్చుని, నా ముంజేతిని తన మోకాలి మీద పెట్టుకుంది. చిన్నప్పుడు బడికి ఆలస్యమవుతుంటే చొక్కా ఒంటి మీదుండగానే కుట్టేది. "కదలకే కోతీ, పొడుచుకుంటావు" అని నెత్తిన మొట్టేది.

"కదలకండి మేడం, గుచ్చుకుంటుంది" అంది.

తల వంచి పళ్ళతో దారం తెంపింది. ఆమె ఊపిరి నా మణికట్టుకు తగిలింది. పాపిట దగ్గర జుట్టంతా తెల్లబడింది.

"ఎంత చక్కగా కుట్టారండీ!" అంది కొత్తమ్మాయి.

"దానికేముందమ్మా, బట్టలు కుట్టేదాన్నేగా." అక్క నా వైపు చూడలేదు. సూదిని జాగ్రత్తగా డబ్బాలో పెట్టింది.

కొత్తమ్మాయి ఫారం నా ముందుంచింది. "మేడం, ఇక్కడ మీ సంతకం."

అడుగున 'సరిచూసినవారు' అని ఉంది. పైన సున్నా. అక్క తలుపు పట్టుకుని, మేం వెళ్ళడం కోసం నిలబడింది.

సంతకం పెట్టాను. ఆమె కుట్టిన బొత్తాం ఫారం కింది అట్టకు తగిలి చిన్నగా చప్పుడైంది.