టీ గ్లాసు కింద డిస్కు

డిస్కును అంచుల దగ్గర పట్టుకోవాలి. మధ్య చిల్లులో వేలు పెట్టి, అంచు మీద బొటనవేలు ఆనించి ఎత్తాలి. ఈ మాట నేను ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను, జనం ఇరవై ఏళ్లుగా తిన్న చేత్తోనే పట్టుకొస్తున్నారు. మెరిసే వైపు నూనె వేలిముద్రలు, ఎండిపోయిన తుమ్ము తుంపరలు, ఒకసారైతే సగం చప్పరించిన చాక్లెట్ ముక్క. మొన్నొకాయన డిస్కు ఆడటం లేదని ప్లేయర్‌నే మోసుకొచ్చాడు. మూత విప్పితే లోపల బొద్దింకలు పిల్లాపాపలతో కాపురం ఉన్నాయి. ఆయన సిగ్గుపడలేదు సరికదా, ఇవి ఎన్నాళ్లనుంచి ఉండి ఉంటాయంటారని నన్నే అడిగాడు.

ఇళ్లలో అటకల మీద పడి ఉన్న పాత వీడియో క్యాసెట్లను హై డెఫినిషన్ డిస్కుల్లోకి ఎక్కించడం నా పని. హై డెఫినిషన్ అనగానే పాత బొమ్మకు కొత్త కళ వస్తుందని అందరూ ఆశపడతారు. రాదు. మసకగా తీసింది మసకగానే ఉంటుంది. కాకపోతే ఆ డిస్కులో చోటెక్కువ కాబట్టి బొమ్మను నలిపి కుక్కనక్కర్లేదు. మామూలు డిస్కులైతే క్యాసెట్‌కొకటి చొప్పున గుట్ట పడుతుంది, ఇది ఒక్కటే పది క్యాసెట్లను మింగి కూర్చుంటుంది. మంచి రకం కొన్నా చివరికి చవకే. నిదానంగా రాస్తాను. రాశాక, కంప్యూటర్లో ఉన్నదీ డిస్కులోకి వెళ్లిందీ పొల్లుపోకుండా ఒకటేనా అని యంత్రంతో సరిచూస్తాను. రెండో కాపీ తీసి వేరే ప్లేయర్లో ఆడించి చూస్తాను. మా వీధిలో ఇంకో ముగ్గురు ఇదే పని చేస్తున్నారు. సరిచూడటానికి రాసినంత సేపూ పడుతుందని ముగ్గురూ దాన్ని ఎగ్గొడతారు. వాళ్ల మాటెత్తితే నా నోరు చేదవుతుంది.

అక్క ఒకరోజు చెప్పుల డబ్బాలో పది చిన్న క్యాసెట్లు పెట్టుకుని నా కొట్టుకు వచ్చింది. వెనకాలే బావ. మా బావను నేను చాటుగా చవకబావ అంటాను, అది ఆయనకూ తెలుసు. ఆయన చేతిలో పేరూ ఊరూ లేని ఖాళీ డిస్కుల కట్ట ఉంది, ఫుట్‌పాత్ మీద కొన్నాడట. పై డిస్కు మీద అప్పటికే ఎవరిదో బొటనవేలి ముద్ర.

"వీటిలో వెయ్యవోయ్," అన్నాడు. "గుండ్రంగా ఉంది, మెరుస్తోంది, మధ్యలో చిల్లుంది. ఇంకేం కావాలి?"

నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం ఆ గొడవలో తలదూర్చలేదు. డబ్బా నా బల్ల మీద పెట్టి, మూత మీద చెయ్యి తియ్యకుండా ఒక్కటే అడిగింది.

"నాన్నని ఒక్కసారి మళ్లీ చూసుకోవాలిరా. జాగ్రత్తగా చెయ్యి."

నాన్న పోయిన రోజున అక్క ఆసుపత్రిలో ఆపరేషన్ బల్ల మీద ఉంది. తెలివి వచ్చాక నాలుగు రోజులకు గానీ ఆ కబురు చెప్పనివ్వలేదు డాక్టరు. ఆఖరి చూపు దక్కలేదన్న బాధ ఆమెకు తొమ్మిదేళ్లుగా ఉంది. అదంతా నాకు తెలుసు. అయినా ఆమె మాట విని నేను లోపల నవ్వుకున్నాను. ఆ క్యాసెట్లలో నాన్న ఎక్కడున్నాడు? తను పనిచేసే కొట్టు యజమాని వాడి వదిలేసిన పాత కెమెరాను ఆయన దగ్గరే కొనుక్కుని, పోయేదాకా దాన్ని మరొకరి చేతికి ఇవ్వని మనిషి. అమ్మ ఉంటుంది, అక్క ఉంటుంది, నేనుంటాను. నాన్న ఎప్పుడూ కెమెరా వెనకే. సరేలే, ఆడవాళ్ల మాట, నాన్న తీసినవి అనే అర్థం అనుకున్నాను.

చవకబావ నోరు మూయించడానికి ఆయన ముందే మొదటి క్యాసెట్‌ను ఉన్నదున్నట్టుగా కంప్యూటర్లోకి ఎక్కించి, ఆయన డిస్కులోనే, ఆయన అడిగినంత వేగంతో రాశాను. సరిచూడమంటే యంత్రం పదకొండో నిమిషం దగ్గర ఆగిపోయి మొరాయించింది. చూశారా అన్నాను. ఆయన చూశాడు, మిగతావి బాగుంటాయేమో అన్నాడు. ఆ కట్టను ఆయన చంకలోనే పెట్టి పంపించాను. పాడైన డిస్కును మాత్రం బల్ల మీద పడేశాను. తర్వాత దాని మీద టీ గ్లాసు పెట్టుకోవడం అలవాటైంది.

తర్వాత డబ్బాలోని మిగతా క్యాసెట్లు బయటికి తీస్తే చుట్టల మీద బూజు. తెల్లగా, మెత్తగా, వెంట్రుకల్లా. తడిసిన కుక్క ఒళ్లు ఆరుతున్న వాసన. ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని ఒక్కొక్కటి తుడిచాను. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

బూజు నయం. అసలు రోత చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాక మొదలైంది.

నాన్న రంగుల కొట్లో పనిచేసేవాడు. పొడి రంగులు తూచి, డబ్బాల్లో కలిపే పని. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోయి ఆయనకు తెగని దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు. పొట్టలోంచి లేచి, ఛాతీలో కాసేపు బుడబుడలాడి, గొంతు దగ్గర కఫాన్ని గీరుకుంటూ వచ్చేది. ఆ కఫం కూడా ఆ రోజు ఏ రంగు కలిపితే ఆ రంగులో ఉండేది. నీలం రోజున నీలం, ఇటుక రంగు రోజున ఇటుక రంగు. జేబురుమాలు విప్పి చూసుకుని మడిచి మళ్లీ జేబులో పెట్టుకునేవాడు. నా చిన్నప్పుడు ఆ రుమాళ్లు నానబెట్టిన బకెట్టు పక్క నుంచి నడవాలంటే ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఆయన అన్నం దగ్గర దగ్గితే నా కంచం ఎత్తుకుని వేరే గదిలోకి పోయేవాణ్ణి. అమ్మ తిట్టేది, ఆయన ఏమీ అనేవాడు కాదు.

కెమెరా మైకుకు అందరికంటే దగ్గరగా ఉన్నది ఆయన నోరే. అక్క పాట పాడుతుంటే పాట సన్నగా, ఆయన దగ్గు నా చెవిలోనే పుట్టినట్టు గట్టిగా. అమ్మ నవ్వుతుంటే మధ్యలో ఖాండ్రింపు. మొదటి క్యాసెట్‌లో ఒక్కొక్క దగ్గునూ వెతికి కత్తిరించాను. కత్తిరించిన చోటల్లా బొమ్మ కింద గొయ్యి పడ్డట్టు మాట తెగిపోతోంది. రెండో క్యాసెట్ సగంలో ఆయన గొంతు సవరించుకుని ఉమ్మిన చప్పుడు వినిపించింది. హెడ్‌ఫోన్లు తీసి విసిరికొట్టాను. చేతిలోని టీ తాగలేక పారబోశాను. ఆ మధ్యాహ్నమే పది క్యాసెట్ల శబ్దమూ మొత్తం తీసిపారేసి, హాయిగా వయొలిన్ సంగీతం పరిచాను. ఎంత శుభ్రంగా ఉందో. నాకు నేనే శభాష్ అనుకున్నాను.

తర్వాత అంతా నా పద్ధతి ప్రకారమే జరిగింది. మంచి డిస్కు, నిదానమైన వేగం, సరిచూడటం, రెండో కాపీ, రెండో ప్లేయర్. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. రెండు కాపీలూ సరిపోయాక కంప్యూటర్లోని అసలు ఫైళ్లు తుడిచెయ్యడం నా నియమం, లేకపోతే తర్వాతి పనికి చోటుండదు. బూజు క్యాసెట్లు కొట్లో ఉంటే మిగతావాటికి అంటుకుంటుందని అక్కకు ఫోన్ చేసి చెప్పాను. సరే నీ ఇష్టం అంది. రెండు సంచులు తొడిగి మూతి బిగించి చెత్త బండిలో వేసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంట్లో డిస్కు పెట్టాం. బొమ్మ నిలకడగా, శుభ్రంగా ఆడింది. పెరట్లో అమ్మ బట్టలు ఆరేస్తోంది, జడ ఊడిపోయి అక్క పరిగెత్తుతోంది, నేను మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాను. వెనకాల వయొలిన్. చవకబావ తొడ చరుచుకుని, నువ్వు పనివాడివిరా అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

అక్క టీవీకి దగ్గరగా జరిగింది. రిమోట్ తీసుకుని శబ్దం పెంచింది, వయొలిన్ పెరిగింది. ఇంకా పెంచింది. కాసేపటికి కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచి కూర్చుంది. బొమ్మ చూడటానికి కూర్చుని కళ్లు మూసుకోవడం ఏమిటని నాకు విసుగొచ్చింది. ఒక క్యాసెట్ ముగిసి రెండోది మొదలైంది. అప్పుడు కళ్లు తెరిచింది.

"నాన్న ఏడిరా?"

నాన్న తీసేవాడు కదక్కా, ఏ బొమ్మలోనూ లేడు అన్నాను.

"బొమ్మలో లేడని నాకు తెలీదా? వెనకనుంచి మాట్లాడేవాడు కదా. అమ్మను ఏడిపించేవాడు, నన్ను పాడమనేవాడు. తొమ్మిదేళ్లయింది, ఆయన గొంతు నాకు గుర్తు రావడం లేదు. ముఖం గుర్తుంది, ఫొటోలున్నాయి. గొంతు పోయింది. దానికోసమేరా ఇవి నీకిచ్చింది."

దగ్గు ఎక్కువగా ఉందని తీసేశానని చెప్పాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే చెవులు మూసుకోవాలనిపించింది. అసలు క్యాసెట్లు ఏవని బావ అడిగాడు. చెత్త బండి అన్నాను. కంప్యూటర్లోనో అన్నాడు. తుడిచేశాను అన్నాను. అక్క నన్ను తిట్టలేదు. రిమోట్ ఒళ్లో పెట్టుకుని, ఆడుతున్న బొమ్మను అలాగే చూస్తూ ఉండిపోయింది.

ఇరవై ఏళ్లుగా పక్క కొట్లవాళ్లను చీదరించుకున్నవాణ్ణి. సరిచూడకుండా డిస్కు ఇచ్చే దొంగలని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి. నేనేం సరిచూశాను? నేను తయారుచేసిన ఫైలూ డిస్కూ ఒకటేనా అని చూశాను. వేలిముద్ర పడితే చిర్రుబుర్రులాడే నేను, కన్నతండ్రి గొంతును ఖాండ్రించి ఉమ్మేశాను. ఆయన ఉమ్మితే రుమాల్లో ఉమ్మేవాడు.

అప్పుడు చవకబావ గొంతు సవరించుకున్నాడు.

"నా డిస్కు ఒకటి నువ్వు రాశావు కదా. దాంట్లో ఉన్నది దగ్గు తీసెయ్యక ముందుదా, తర్వాతదా?"

ముగ్గురం కొట్టుకు పరిగెత్తాం. డిస్కు బల్ల మీదే ఉంది. మూడు వారాల టీ మరకలు దాని మీద వలయాలుగా ఎండిపోయాయి, ఒక చీమ అంటుకుని చచ్చి ఉంది. మెరిసే వైపు కిందకే ఉన్నా బల్ల మీది జిగురంతా దానికి పట్టింది. నీళ్లతో తడిపి, మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకు, మధ్యలోంచి అంచుకు తుడిచాను. వేలు మెరిసే వైపు పడింది, పట్టించుకోలేదు.

మొదటి ప్లేయర్ దాన్ని ఉమ్మేసింది. రెండోది కాసేపు గిరగిరలాడించి, బొమ్మ వేసింది.

వంటింట్లో మేం భోజనం చేస్తున్నాం. నాకు పదేళ్లుంటాయి. అమ్మ కొంగుతో ముఖం దాచుకుంటోంది. "ఎందుకే దాచుకుంటావు, ఆ మొహం చూసే కదా చేసుకున్నాను," అన్నాడు నాన్న. బొంగురు గొంతు, చివర్లో కాస్త గరగర. అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. పాడవే తల్లీ అన్నాడు, బొమ్మలోని అక్క పాడింది. దగ్గు వచ్చింది. తెర మీది నేను ముఖమంతా చిట్లించి, కంచం ఎత్తుకుని లేవబోయాను.

"కూర్చోరా, కూర్చో," అన్నాడు నాన్న. "వాడికి నా దగ్గంటే అసహ్యం. ఉండండి, నేనే అవతలికెళ్లి దగ్గి వస్తాను. వాణ్ణి తిననివ్వండి."

కెమెరాను ఎక్కడో పెట్టాడు. బొమ్మ పక్కకు ఒరిగి, గోడా, నా మోచెయ్యీ మాత్రమే కనిపించాయి. దూరంగా తలుపు మూసిన చప్పుడు. తలుపు అవతల ఆయన చాలాసేపు దగ్గాడు, చేతిలోనో రుమాల్లోనో నోరు అదిమిపెట్టుకుని. ఇవతల నా చెయ్యి కంచానికీ నోటికీ మధ్య ఆడుతూనే ఉంది. తర్వాత తలుపు తెరుచుకుంది. "అయిపోయింది. నువ్వు తిను నాన్నా," అన్నాడు, ఆయాసంతో. అక్కడ బొమ్మ ఆగిపోయింది. పదకొండో నిమిషం.

బావ గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాడు. అక్క ముక్కు చీదుకుని, ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. నాలుగుసార్లు పెట్టాను.

ఆ పదకొండు నిమిషాలనూ కంప్యూటర్లోకి తీసుకుని, నా దగ్గరున్న అన్నిటికంటే మంచి డిస్కు బయటికి తీశాను. దగ్గు ముట్టుకోకు అంది అక్క. ముట్టుకోనన్నాను. అన్నిటికంటే తక్కువ వేగంతో రాశాను. సరిపోయిందని యంత్రం చెప్పింది. దాని మాట నమ్మకుండా హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా నేనే విన్నాను.

నిజం చెప్పాలంటే ఆ దగ్గు ఇప్పటికీ రోతగానే ఉంది. ఛాతీలో బుడబుడ, గొంతులో గీర, మింగుతున్న చప్పుడు. ఒళ్లు జలదరించింది. అదే సమయానికి బావ తెప్పించిన టీ నా ముందుకొచ్చింది. తలుపు అవతల నాన్న దగ్గుతూనే ఉన్నాడు. నేను హెడ్‌ఫోన్లు తియ్యకుండా, గ్లాసు పక్కకు జరపకుండా, ఆయన దగ్గు అయ్యేదాకా కూర్చుని తాగాను.