గుమ్మడికాయ వద్దు, పేరు చాలు

బద్వేలులో ఉండే నాగజ్యోతి, సీమ ఊళ్లన్నీ కాలినడకన చూడాలన్న ముచ్చటతో బస్సులో బనగానపల్లె వెళ్లి, అక్కణ్ణుంచి ఇంటిదాకా నడుచుకుంటూ బయల్దేరింది. నూట యాభై కిలోమీటర్ల దారి. సంచిలో ఒక పాత చీర, తువ్వాలు, నీళ్ల బాటిలు, పిడికెడు వేయించిన శెనక్కాయలు. అంతా కలిపి రెండు కిలోలు. మూడు దాటితే మోకాలు మళ్లీ మొరాయిస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. నిరుడు ఇదే దారిలో మోయలేని బ్యాగు మోసి, రెండో రోజే ఆటోలో ఇల్లు చేరింది. "ఆటో యాత్ర బాగా జరిగెనా?" అని మొగుడు ఓబుళేశు ఏడాదంతా ఎత్తిపొడిచాడు. ఈసారీ ఓడితే ఆ మాటలు ఇంకెన్నేళ్లు పడాలో!

పాపం, ఆ డాక్టరుకు మన సీమ జనం సంగతి తెలియదు. ఒంటరిగా నడిచే ఆడమనిషిని ఉత్త చేతులతో పోనిస్తారా? ఒక ఊళ్లో కందులు కట్టిచ్చారు, ఇంకో ఊళ్లో జొన్నరొట్టెలు, నంజుకోను ఊరుబిండి పచ్చడి. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. మొహమాటానికి పోయి అన్నీ సంచిలో వేసుకుంది మహాతల్లి! రెండో రోజు మధ్యాహ్నానికి బరువు ఎనిమిది కిలోలైంది, మోకాలు పట్టేసింది. కోవెలకుంట్ల దాటాక ఒక ఇంటి అరుగు మీద కూలబడి, వచ్చే బస్సు ఎక్కేద్దామా అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ ఇంటి ముసలామె బషీరాబీ నీళ్లిచ్చింది. లోపలికెళ్లి ఇంత లావు గుమ్మడికాయ తెచ్చి ఒళ్లో పెట్టింది.

నాగజ్యోతికి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "అవ్వా, నీకు దండం పెడతా. ఇంగో కిలో ఎత్తితే ఈ కాలు ఈడనే నిలిచిపోతాది," అని డాక్టరు మాట చెప్పేసింది.

"ఆ మాట ముందే చెప్పొద్దా తల్లీ!" అంది బషీరాబీ. "జనాలిచ్చిందంతా ఈడ పెట్టిపో. ముందూర్లో నా కూతురు హసీనా ఉండాది. నేను పంపినానని చెప్పు, అన్నం పెట్టి పండుకోబెడతాది."

సంచి తేలిక చేసుకుని మెల్లగా ముందూరు చేరితే, హసీనా కడుపునిండా పెట్టింది, మోకాలికి నూనె రాసింది. తెల్లారి ఉలవల మూటతో వచ్చింది.

"మూట వద్దు చెల్లీ. ముందూర్లో మీవాళ్ల పేరొకటి చెప్పు, చాలు," అంది నాగజ్యోతి.

సీమలో ముందూళ్లో తనవాళ్లంటూ లేని ఇల్లుంటుందా? హసీనా తన స్నేహితురాలు కృపమణి పేరు చెప్పింది, కృపమణి తన తమ్ముడి పేరు చెప్పింది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు వెనకబడ్డాయి. పేర్లకు బరువేముంటుంది!

ఎనిమిదో రోజు పొద్దున బద్వేలు పొలిమేరలో ఓబుళేశు బైకు మీద ఎదురొచ్చాడు. ముఖంలో వెటకారం లేదు.

"ఎక్కు. ఇంగ మూడు కిలోమీటర్లే గదా. శానా నడిచినావులే."

"నేనెక్కేది లేదు. నువ్వే దిగప్పా!"

దిగాడు. బండి తోసుకుంటూ వెనకే నడిచాడు. ఎదురైన వాళ్లందరినీ ఆపి, "మా ఇంటామె! బనగానపల్లె కాడ్నుంచి నడిచొస్తాండాది, నూట యాభై కిలోమీటర్లు!" అని ఆయనే చెప్పుకున్నాడు. మూడో మనిషి దగ్గరికొచ్చేసరికి నూట యాభై కాస్తా రెండు వందలైంది. నాగజ్యోతి కాదనలేదు.