రెండు వేళ్ల శ్రుతి

తల్లి పోయిన మూడో వారం, ఆమె మంచం కింద సర్దుతుంటే ఉలులానికి తండ్రి గిటారు దొరికింది. పాత దుప్పటిలో చుట్టి, గుర్రపు జీను తోలుపట్టీతో కట్టి ఉంది. విప్పి చూస్తే ప్రాణం ఉసూరుమంది. కోవా అనే అడవి చెట్టు చెక్కతో చేసిన వెనక పలక నిలువునా చీలింది. తీగలు కట్టే బ్రిడ్జి సగం లేచి నోరు తెరిచింది. ఒక పక్క చెదలు తినేశాయి, వేలు పెడితే పొడి రాలుతోంది. ఆరు బిరడల్లో నాలుగు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి.

ఉలులానికి యాభై రెండేళ్లు. దీవిలోని వైమేయా ఊళ్లో పశువుల కాపరులకు జీన్లు కుట్టడం, చిరిగినవి బాగుచేయడం ఆమె పని. తోలు అతికించేదాన్ని చెక్క అతికించలేనా అనుకుంది. గిటారును ట్రక్కు ముందు సీట్లో కూర్చోబెట్టి, మనిషికి పెట్టినట్టు బెల్టు పెట్టి, హోనోకాలో ఉండే మియాషిరో దగ్గరికి తీసుకెళ్లింది.

మియాషిరో డెబ్బై దాటిన వడ్రంగి. ఆ చుట్టుపక్కల ఉకులేలేలనే బుల్లి వాయిద్యాలకూ గిటార్లకూ జబ్బు చేస్తే అందరూ ఆయన దగ్గరికే తెచ్చేవారు. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, రంధ్రంలోంచి లోపలికి తొంగి చూశాడు.

"ఇది గిటారు కాదమ్మా, చెదల కాలనీ. వాటిని ఖాళీ చేయించి నువ్వు దిగుతావా ఏంటి?"

"బాగవుతుందా అంకుల్?"

"ఎందుకవదు? కానీ నేను చెయ్యను. చేతులు వణుకుతున్నాయి, చూడు. నువ్వు చెయ్యి, నేను పక్కన కూర్చుని తిడతాను."

అన్నంత పనీ చేశాడు. నాలుగు నెలల పాటు ప్రతి శనివారం ఉలులాని పని చేయడం, ఆయన తిట్టడం. ఆవిరి పట్టించి బ్రిడ్జి ఊడదీయించాడు. చెదలు తిన్నంత మేర కోసి తీసేయించి, అక్కడ పాత కోవా ముక్క అమర్పించాడు. పశువుల తోలు ఉడికించి తీసే బంకను మాడకుండా కాచడం నేర్పాడు. ఆ వాసనకు వేరేవాళ్లయితే ముక్కు మూసుకునేవాళ్లు. ఉలులానికి అది రోజూ కూర్చునే కొట్టు వాసనే. బిరడలు నూనెలో నానబెట్టి, పాత పళ్లబ్రష్షుతో తోమి, ఒక్కొక్కటే తిరిగేలా చేసుకుంది.

తీగలు కట్టిన రోజు ఆమెకు ఆత్రం ఆగలేదు. మియాషిరో కాఫీ తెచ్చుకోవడానికి లోపలికి వెళ్లిన కాసేపట్లోనే ఆరు తీగలూ బిగించేసింది. ఠప్పుమని బ్రిడ్జి ఊడి ఆమె గడ్డానికి తగిలింది.

మియాషిరో కప్పుతో సహా పరిగెత్తుకొచ్చాడు. "ఎవరు బిగించమన్నారు నిన్ను? ఈ పెట్టె పుట్టినప్పటి నుంచీ వదులు తీగలతోనే బతికింది. మీ నాన్న వాయించింది కీ హోఆలు పద్ధతి. తీగ సడలించి దాని చేత కబుర్లు చెప్పించేవాడు. నువ్వేమో ఉరి బిగించినట్టు బిగించావు!"

"తప్పయిపోయింది అంకుల్."

"గడ్డానికి మందు రాయి. ఇంకో ఐదు వారాలు నా మొహం చూస్తూ కూర్చోవాలి, అదే నీకు శిక్ష."

ఐదు వారాల తర్వాత గిటారు నిలబడింది. దీవిలో అందరికీ తెలిసిన, చేమమడి అని పిలిచే శ్రుతిలో పెట్టి మీటితే గది నిండిపోయింది. మియాషిరో తిట్టడానికి ఏమీ దొరక్క కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

కానీ ఉలులాని మనసు నిండలేదు. చిన్నప్పుడు ఆదివారం పొద్దున్నే, చర్చికి వెళ్లేముందు, తండ్రి జోసయా వెనక వరండాలో ఒక పాట వాయించేవాడు. నిదానమైన పాట. అడుగు తీగ ఎంత వదులుగా ఉండేదంటే, అది మోగితే కూర్చున్న బల్ల కూడా మెల్లగా గొణిగేది. దానికి చేమమడి శ్రుతి పనికిరాదు. వేరే శ్రుతి ఏదో ఉంది. అది పెట్టేటప్పుడు జోసయా గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఏ ఇంటి శ్రుతి ఆ ఇంటి గుట్టు. సొంత కూతురికి కూడా చూపించలేదు.

ఉలులాని ఇంట్లో కూర్చుని ఒక్కో తీగా వదులు చేస్తూ, బిగిస్తూ రెండు వారాలు వెతికింది. నోటిదాకా వచ్చి బయటికి రాని పేరులా అది దగ్గరికొచ్చి జారిపోయేది.

ఇంటివాళ్లలో ఆ శ్రుతి తెలిసినవాడు ఒక్కడే మిగిలాడు, జోసయాకి అన్న అయిన పలకీకో. నలభై ఏళ్ల కిందట అన్నదమ్ముల మధ్య మాట తెగిపోయింది. దీవి బయటి నుంచి వచ్చిన గిటారు వాయించేవాడొకడు నెల రోజులు జోసయా ఇంట్లో ఉన్నాడు. స్నేహం కుదిరింది. వెళ్లేటప్పుడు జోసయా అతనికి ఆ శ్రుతి ఇచ్చేశాడు. అది రికార్డులోకి ఎక్కి ఈ దీవిలోనే రేడియోలో వినిపించేసరికి, పలకీకో తమ్ముడి గుమ్మం తొక్కడం మానేశాడు. పదేళ్ల కిందట జోసయా పోతే చర్చి బయట ట్రక్కు పక్కన టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడే తప్ప లోపలికి రాలేదు.

ఒక ఆదివారం ఉలులాని గొడ్డుమాంసం పులుసు, చేమదుంప ముద్ద గిన్నెలకెత్తుకుని, గిటారు తీసుకుని, మౌనా కేయా కొండ వైపు దారిలో ఉన్న పెదనాన్న ఇంటికి వెళ్లింది. ఎనభై నాలుగేళ్ల పలకీకో వరండాలో కూర్చుని పచ్చితోలు తాడు పేనుతున్నాడు. చెవులు దాదాపు పోయాయి.

"పెదనాన్నా, గిటారు తెచ్చాను!"

"ఏం తెచ్చావ్?"

"గిటారు!"

"గేదెలా? మన ఊళ్లో గేదెలెక్కడివే!"

ఉలులాని దుప్పటి తీసి చూపించింది. తాడు పేనే చేతులు ఆగిపోయాయి.

"జోసయాది," అన్నాడు పలకీకో. "ఎందుకు తెచ్చావు?"

ఆమె ఆయన ఎదురుగా కూర్చుని, పెదవులు కనబడేలా చెప్పింది. "నాన్న వాయించే శ్రుతి కావాలి."

"వాణ్ణే అడగాల్సింది."

"అడిగాను. చెప్పలేదు. నువ్వు మాట్లాడ్డం మానేశాక గిటారు దుప్పట్లో చుట్టేశాడు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. మళ్లీ విప్పింది నేనే, ఇప్పుడు."

"ముట్టుకోలేదా?"

"ఒక్కసారి కూడా."

పలకీకో చేతిలోని తాడు పక్కన పెట్టి కొండ వైపు తిరిగాడు. సన్నటి వాన గాలికి అడ్డంగా కొట్టుకుపోతోంది. "పోయేదాకా వాడు కోనాలో హోటళ్ల చుట్టూ తిరిగి వాయించుకున్నాడనుకున్నా. ఇన్నేళ్లూ అదే అనుకుని తిట్టుకున్నా," అన్నాడు. తర్వాత, "ఆ గిన్నె ఇలా తే. ఆకలేస్తోంది," అన్నాడు.

తిని, చేతులు కడుక్కొచ్చి, గిటారు ఒళ్లోకి తీసుకున్నాడు. గుర్రాన్ని కొనేవాడిలా అన్ని వైపులా నిమిరాడు. అతుకు దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ బంక కారింది."

"మొదటిసారి చెయ్యడం."

"తెలుస్తూనే ఉంది."

అలవాటు కొద్దీ గోడ వైపు తిరిగాడు. దవడను గిటారు అంచుకు ఆనించి, కళ్లు మూసుకుని, అడుగు తీగ మీటాడు. చెవులు పట్టుకోలేనిది ఎముక పట్టుకుంటున్నట్టుంది. బిరడ కొంచెం తిప్పి మళ్లీ మీటాడు. కొంతసేపటికి ఆగి, కుర్చీ ఇటు తిప్పుకున్నాడు.

"ముందుకు జరిగి కూర్చో. మీ నానమ్మ ఫొటోల్లో ఆవిడ ఎడమ చెయ్యి ఎప్పుడైనా చూశావా?"

ఉలులాని ఆలోచించింది. నానమ్మ లూయికా ఎడమ చెయ్యి ఒక ఫొటోలో గౌను మడతల్లో ఉంటుంది, ఇంకోదాంట్లో పిల్లాడి వీపు వెనక. "లేదు."

"అమ్మ మగవాళ్లతో సమానంగా పశువుల్ని పట్టేది. ఒకసారి ఎద్దు లాగినప్పుడు తాడు చుట్టుకుని చివరి రెండు వేళ్లూ తెగిపోయాయి. అప్పటికే గిటారు బాగా వాయించేది. ఇక ఆ శ్రుతులేవీ కుదరలేదు. అందుకని తీగలన్నీ తనకు అందేలా వదులు చేసుకుంది. రెండు వేళ్లతో వాయించే శ్రుతి కట్టుకుంది. మాకు నేర్పేటప్పుడు ఒట్టు వేయించుకుంది, ఎవరికీ చూపించొద్దని. తెలిసినవాడు చూస్తే వేళ్లు లేవని పట్టేస్తాడు కదా. అమ్మకి ఆ చెయ్యంటే సిగ్గు. జోసయా దాన్ని పరాయివాడికిచ్చేసరికి అమ్మ చెయ్యి బజార్లో పెట్టినట్టనిపించింది నాకు."

"నాన్న ఆ బయటాయనకి చెయ్యి సంగతి చెప్పాడా?"

"తెలీదు."

"నువ్వు అడగలేదా?"

"లేదు."

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా, పెదనాన్నా..."

"అడగలేదంటున్నానుగా!" అని అరిచాడు. మెట్ల మీద పడుకున్న కుక్క లేచి నిలబడింది. పలకీకో ముఖం అటు తిప్పుకున్నాడు. ఉలులాని ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం వెళ్లేది. వేళ్లు మాట వినేవి కావు. ఉంగరపు వేలు దానంతటదే తీగ మీదికి వచ్చేది.

"ఆ రెండూ లేవనుకో అన్నానా!"

"ఉన్నాయి కదా పెదనాన్నా, ఎలా అనుకోను?"

ఆయన పచ్చితోలు పోగు ఒకటి తీసి ఆమె చివరి రెండు వేళ్లనూ అరచేతికి మడిచి కట్టేశాడు. మొదట చెయ్యంతా తిమ్మిరెక్కింది. నెల గడిచేసరికి ఆ చెయ్యి ఎందుకు అక్కడే ఆగాలో, ఎందుకు అటే జారాలో ఆమెకు అర్థం కాసాగింది. నొప్పి తగలకుండా ఉండే దారులే పాటయ్యాయి. ఒక ఉదయం వెతకకుండానే ఆ పాట మొదటి నుంచి చివరి దాకా వచ్చేసింది. అడుగు తీగ మోగితే కూర్చున్న బల్ల గొణిగింది. ఉలులాని కళ్లు తుడుచుకుంటుంటే పలకీకో తువ్వాలు విసిరాడు.

"గిటారు మీద కార్చకు. తీగలు తుప్పు పడతాయి."

నవంబరులో చర్చి హాల్లో ఊరంతా కలిసే రోజు వచ్చింది. అక్కడ వాయిస్తానంటే ఆయన ఒక షరతు పెట్టాడు. "అమ్మ చెయ్యి సంగతి కూడా చెప్పు. శ్రుతి ఒక్కటీ ఇవ్వకు, దాంతో పాటు ఆవిడనీ ఇవ్వు. ఒట్టు తప్పినందుకు తిట్లు ఉంటే పైకెళ్లాక నేను తింటాలే. ఎలాగూ చెవుడే."

ఉలులాని జనం వైపు తిరిగి కూర్చునే తీగలు సడలించింది. ఏ తీగ ఎంత దించుతోందో పైకి చెప్పింది. లూయికా ఎవరో, ఎద్దు ఎలా లాగిందో చెప్పింది. ముందు వరసలో మియాషిరో చేతులు కట్టుకుని బ్రిడ్జి వంకే చూస్తున్నాడు. పలకీకో ఆమె వెనకే కుర్చీ వేయించుకుని, మోత చేతికి తెలిసేలా ఆమె కుర్చీ వీపు మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు.

ఆమె మొదలుపెట్టింది. బెదురుకు వేళ్లు పరుగెత్తాయి. పాట సగానికి వచ్చేసరికి, తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియని పలకీకో హాలంతా అదిరేలా అరిచాడు.

"నెమ్మదిగా వాయించవే! ఎవరు తరుముతున్నారు నిన్ను?"

అందరూ గొల్లున నవ్వారు. ఉలులానికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులో భుజాలు వదులయ్యాయి. అడుగు తీగను ఇంకోసారి మీటి, అది పూర్తిగా మోగేదాకా ఆగి, నిదానంగా రెండో చరణంలోకి వెళ్లింది.